మీటర్ ఒక లెక్క చెబుతుంది, రబ్బరు ఇంకో లెక్క చెబుతుంది: సెకండ్ హ్యాండ్ కారు కొన్న నా అనుభవం

నాలుగు కార్లు చూశాను. మూడు వదిలేసి నాలుగోది కొన్నాను. అన్నీ పెట్రోలు బండ్లే, ఎనిమిది తొమ్మిదేళ్ల వయసువే, మీటర్లు 60,000 నుంచి 80,000 కిలోమీటర్ల మధ్య ఉన్నవే. ప్రకటన చదివితే నాలుగింటికీ పెద్ద తేడా కనిపించదు. దగ్గరికెళ్లి వంగి చూస్తేనే తేడాలు బయటపడ్డాయి. ఏం చూశానో, ఎందుకు చూశానో, కొన్న మొదటి నెలలో ఏమేం మార్చానో, ఎక్కడ పొరపాటు పడ్డానో వరసగా రాస్తాను.

ఫోన్‌లో అందరినీ ఒకటే అడిగాను: "నేను వచ్చేదాకా ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఉంచండి." రాత్రంతా చల్లబడిన ఇంజిన్ తొలి అర నిమిషంలో ఎన్ని విషయాలు చెబుతుందో, వేడెక్కాక అంతగా దాచేస్తుంది. నీరసించిన బ్యాటరీ, వాల్వ్ సీల్ దాటి సిలిండర్లోకి దిగిన ఆయిల్, సాగిపోయిన టైమింగ్ చైన్ చప్పుడు, ఇవన్నీ చల్లటి స్టార్టింగ్‌లోనే దొరుకుతాయి. మొదటి బండి దగ్గరికి వెళ్లి బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది. "ఇప్పుడే పక్కకి తీశానండి" అన్నారు. మర్నాడు పొద్దున మళ్లీ వెళ్లాను, మళ్లీ వేడిగానే ఉంది. ఇంకేం చూడకుండా వచ్చేశాను. అందులో లోపం ఉందో లేదో నాకు తెలియదు. చూసుకునే వీలు ఇవ్వని బండి కొనక్కర్లేదు, అంతే.

రెండో బండిలో దొరికింది అద్దాల మీద. కారు అద్దాల మూలన కంపెనీ ముద్ర కింద చిన్న అక్షరాల్లో తయారీ సంవత్సరం గుర్తు ఉంటుంది. చాలా కంపెనీలు సంవత్సరపు చివరి అంకె ఒక్కటే వేస్తాయి: 2016 అయితే 6. బండిలోని అద్దాలన్నీ ఒకే సంవత్సరానివో, ఒక ఏడాది అటూ ఇటూవో అయివుండాలి. ముందు అద్దం ఒక్కటే కొత్తదైతే కంగారు పడక్కర్లేదు, రాయి తగిలి పగలడం మామూలే. ఈ బండిలో కుడి వైపు రెండు తలుపుల అద్దాలూ మిగతావాటికన్నా నాలుగేళ్లు కొత్తవి. పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి చూస్తే ఎడమ వైపు 110, 120 మైక్రాన్లు చూపించింది. కంపెనీ పెయింట్ మామూలుగా 90 నుంచి 150 మధ్య ఉంటుంది. కుడి వైపు తలుపులు 280. రెండు తలుపుల మధ్య స్తంభం 700 దాటింది. తలుపుకి మళ్లీ రంగు వేయించడం పెద్ద విషయం కాదు, గీతలు పడితే ఎవరైనా వేయిస్తారు. స్తంభం మీద అంత మందం కనపడితే లోపల పుట్టీ ఉన్నట్టే. పక్క నుంచి గట్టి దెబ్బ తగిలిందన్నమాట. పక్క నుంచి బండి గుద్దితే లోపలి మనుషుల్ని కాపాడాల్సింది ఆ స్తంభమే. పిల్లల్ని ఎక్కించుకునే బండికి అది వంకరపోయి తిరిగి లాగినదైతే నాకు వద్దు.

మైక్రాన్ మీటర్ లేకపోతే బోల్టులు చూడండి. ముందు ఫెండర్లని, బానెట్ కీలుని, తలుపు కీళ్లని పట్టి ఉంచే బోల్టు తలల మీద ఫ్యాక్టరీ రంగు మూల మూలకీ చెదరకుండా ఉండాలి. పానా పడితే ఆరు మూలల దగ్గరా రంగు లేచిపోతుంది. తలుపుల చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ కొంచెం లాగితే కింద రేకు అంచు మీద గుండ్రటి స్పాట్ వెల్డింగ్ గుంటలు సమాన దూరంలో కనపడతాయి. అవి లేకుండా అంచు నున్నగా ఉన్నా, గీసినట్టు ఉన్నా ఆ రేకు మార్చారని అర్థం. అయస్కాంతం పెట్టి చూసే పాత పద్ధతి కూడా పనికొస్తుంది, కానీ ఇప్పటి కొన్ని బండ్లకి బానెట్లు అల్యూమినియంవి, ఫెండర్లు ప్లాస్టిక్‌వి ఉంటాయి. అక్కడ అయస్కాంతం పట్టలేదని పుట్టీ అనుకోకూడదు.

మూడోది చూడటానికి అన్నింటికన్నా శుభ్రంగా ఉంది. లోపల మంచి సెంటు వాసన. ఇంజిన్ తుడిచి, ప్లాస్టిక్ మూతలకి మెరుపు పూశారు. అతిగా శుభ్రంగా ఉన్న ఇంజిన్ నాకు నచ్చదు. పైపు జాయింట్ దగ్గర, గాస్కెట్ అంచున ధూళితో కలిసి పేరుకునే ఆయిల్ మరకే ఎక్కడ కారుతోందో చూపిస్తుంది, కడిగేస్తే ఆ జాడ పోతుంది. ఈ బండిలో వెనక సీటు బెల్టుని చివరంటా బయటికి లాగాను. అడుగు భాగంలో ఒక అడ్డగీత, దాని కింద సన్నటి మట్టి పొర. బెల్టు పైభాగం కడుగుతారు, లోపల చుట్టుకుని ఉండే భాగం ఎవరికీ గుర్తుండదు. సీటు కింద పట్టాల మీద తుప్పు, స్టెప్నీ గుంటలో మూలల్లో ఎండిన బురద, ఒక హెడ్‌లైట్ లోపల ఆవిరి మరక. నీళ్లలో మునిగిన బండి.

అయినా ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ గుర్తించిన లోపాల కోడ్‌లు చదివే పరికరం) పెట్టి చూశాను, తెలుసుకుందామని. స్టీరింగ్ కింద ఉండే పదహారు పిన్నుల సాకెట్‌కి తగిలించే చిన్న బ్లూటూత్ పరికరం, ఫోన్‌లో ఒక యాప్, అంతే కావాలి. ఎర్రర్ కోడ్‌లు ఒక్కటీ లేవు. కానీ "కోడ్‌లు చెరిపాక నడిచిన దూరం" అనే లెక్క ఇంకో చోట ఉంటుంది. అది 11 కిలోమీటర్లు చూపించింది. పైగా క్యాటలిస్టు, ఆక్సిజన్ సెన్సర్ పరీక్షలు "పూర్తి కాలేదు" అనే స్థితిలో ఉన్నాయి. కోడ్‌లు చెరిపేస్తే కంప్యూటర్ ఆ పరీక్షలన్నీ మొదటి నుంచి చేసుకోవాలి. దానికి కొన్ని రోజుల మామూలు నడక పడుతుంది. అంటే ఆ పొద్దునో ముందు రోజో ఎవరో చెరిపారు. కోడ్‌లు లేవని చూసి ఊరుకోకండి, ఈ రెండూ కూడా చూడండి. బ్యాటరీ మార్చినా కొన్ని బండ్లలో ఇవి సున్నా అవుతాయి కాబట్టి ముందు అది అడగాలి.

ఇక నాలుగోది. 2015లో తయారైన అయిదు సీట్ల బండి, 1.2 లీటర్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్, అయిదు గేర్ల మాన్యువల్. మీటర్ 78,000. ఏడాదికి దాదాపు 8,700 కిలోమీటర్లు. ఈ లెక్కకి మిగతావి సరిపోతున్నాయా అని చూశాను.

టైరు పక్క గోడ మీద డాట్ అనే ముద్ర తర్వాత చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. స్టెప్నీ మీద 0915, అంటే 2015 తొమ్మిదో వారం, బండితో వచ్చిందే. మిగతా నాలుగూ 1820, అంటే 2020 పద్దెనిమిదో వారం. తొలి టైర్లు అయిదేళ్లు, సుమారు 45,000 కిలోమీటర్లు నడిచాయన్నమాట. ఇది నమ్మదగ్గ లెక్క. అదే 30,000 కిలోమీటర్ల మీటర్‌తో మూడో జత టైర్లు కనపడితే మీటర్ని వెనక్కి తిప్పారేమోనని అనుమానించాలి. క్లచ్ పెడల్ రబ్బరు గాట్లు సగం అరిగాయి, డ్రైవర్ సీటు దిగే వైపు అంచు నలిగింది కానీ చిరగలేదు, స్టీరింగ్ మీద పైభాగం మాత్రం నున్నబడింది. సర్వీసు బిల్లుల్లో కిలోమీటర్ల అంకెలు తేదీలతో పాటు క్రమంగా పెరిగాయి. ఏ ఒక్క గుర్తూ తనంతట తాను రుజువు కాదు. పెడల్ రబ్బరు కొత్తది వేయొచ్చు, సీటుకి కవరు తొడగొచ్చు. అన్నీ కలిపి ఒకే లెక్క చెప్పడం మాత్రం అంత తేలిగ్గా కల్పించలేరు.

తాళం తిప్పి ఇంజిన్ స్టార్ట్ చేయకముందు డ్యాష్‌బోర్డు దీపాలు చూశాను. ఎయిర్‌బ్యాగ్, ఏబీఎస్, ఇంజిన్, ఆయిల్ దీపాలు వెలగాలి. ఇంజిన్ స్టార్టయ్యాక ఆరిపోవాలి. అసలు వెలగని దీపం, ఆరని దీపం కన్నా ప్రమాదం. లోపం కనపడకుండా దాన్ని తీసేసి ఉండొచ్చు. ఆ తర్వాత బ్రేక్ పెడల్ మూడు నాలుగు సార్లు తొక్కి, గట్టిపడ్డాక తొక్కి పట్టుకుని స్టార్ట్ చేశాను. పెడల్ కాలి కింద కొంచెం దిగింది. బ్రేక్ బూస్టర్ పనిచేస్తోందని అర్థం.

వెనక సైలెన్సర్ దగ్గర ఒక మనిషిని నిలబెట్టాను. కాస్త తెల్లటి ఆవిరి వచ్చి నిమిషంలో పోయింది, చల్లటి పూట అది నీటి ఆవిరే. ఇంజిన్ వేడెక్కాక కూడా దట్టంగా తెల్లపొగ ఆగకుండా వచ్చి, తియ్యటి వాసన వేస్తే కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) కాలుతున్నట్టు, హెడ్ గాస్కెట్ (ఇంజిన్ పైభాగమైన హెడ్‌కీ, కింది బ్లాకుకీ మధ్య ఉండే సీలు) పోయిందేమోనని అనుమానం. స్టార్ట్ చేయగానే ఒక్క నీలిపొగ గుప్పుమని ఆగితే వాల్వ్ సీళ్లు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడల్లా నీలిపొగ వస్తే పిస్టన్ రింగులు. రెండింట్లోనూ ఆయిలే కాలుతుంది కానీ మరమ్మతు ఖర్చులో పోలిక లేదు: సీళ్లు చాలా ఇంజిన్లలో హెడ్ దించకుండానే మార్చవచ్చు, రింగులంటే ఇంజిన్ విప్పాల్సిందే. నల్లపొగ అయితే పెట్రోలు ఎక్కువ పడుతోంది.

ఆయిల్ మూత కింద మీగడలాంటి తెల్లటి పొర చూసి బండి వదిలేసినవాళ్లు ఉన్నారు. రోజూ రెండు మూడు కిలోమీటర్లే తిరిగే బండిలో ఇంజిన్ పూర్తిగా వేడెక్కక నీటి ఆవిరి మూత కింద చేరి అలా అవుతుంది. డిప్‌స్టిక్ మీద కూడా అదే రంగు ఉండి, కూలెంట్ ట్యాంకులో నూనె తెట్టు కనపడితే అప్పుడు హెడ్ గాస్కెట్. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడే తీయాలి. వేడి మీద తీస్తే మరిగే నీళ్లు మొహం మీదకి తన్నుతాయి.

నడిపి చూసేటప్పుడు ఒక్కడినే వెళ్లలేదు. వెనక ముగ్గురు పెద్దవాళ్లని కూర్చోబెట్టాను. ఖాళీ బండి సస్పెన్షన్ బాగానే ఉన్నట్టు అనిపిస్తుంది. నిండుగా మనుషులు ఎక్కాక స్పీడ్ బ్రేకర్ దిగేటప్పుడు వెనక డబ్‌మని తగిలితే షాకబ్సార్బర్లు అయిపోయాయని తెలుస్తుంది. ఖాళీ స్థలంలో స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి మెల్లగా గుండ్రంగా నడిపితే టకటక చప్పుడు వస్తే డ్రైవ్ షాఫ్ట్ బయటి జాయింట్ పోయింది. వేగంతో పాటు పెరిగే హోరు, బండిని కాస్త ఎడమకో కుడికో వంచినప్పుడు మారితే వీల్ బేరింగ్. మారకపోతే చాలాసార్లు టైరు అరుగుదలే. క్లచ్ చూడటానికి పై గేరులో, తక్కువ వేగంలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కాలి. ఇంజిన్ తిరుగుడు పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు జారుతోంది.

ఇవన్నీ అయ్యాక మెకానిక్ చేత కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్లో పిస్టన్ గాలిని నొక్కే ఒత్తిడి, కొలిపించాను. ఇంజిన్ వేడి మీద, ఇంధనం, స్పార్కు ఆపి, నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి కొలవాలి. 12.8, 12.6, 12.7, 12.4 బార్ వచ్చాయి. అంకె ఎంత అన్నదాని కన్నా సిలిండర్ల మధ్య తేడా ముఖ్యం. పది శాతం దాటితే కారణం వెతకాలి. తక్కువ వచ్చిన సిలిండర్లో ఒక చెంచాడు ఆయిల్ పోసి మళ్లీ కొలిస్తే పెరిగిందంటే రింగులు, పెరగలేదంటే వాల్వులో హెడ్ గాస్కెటో.

కాగితాల సంగతి క్లుప్తంగా. ఛాసిస్ నంబరు పదిహేడు అక్షరాలు, అంకెలు కలిసి ఉంటుంది. ఐ, ఓ, క్యూ అక్షరాలు అందులో వాడరు, ఒకటి, సున్నాలతో పొరబడకుండా. బండి రేకు మీద కొట్టినదీ, తలుపు దగ్గర పలక మీదిదీ, కాగితాల్లోదీ ఒక్కో అక్షరం వేలు పెట్టి సరిచూశాను. అప్పు తీరిందో లేదో, అమ్మే మనిషి, కాగితాల్లో ఉన్న మనిషి ఒకరేనో చూశాను. అదే నంబరుతో కంపెనీ వెబ్‌సైటులో రీకాల్ (లోపమున్న భాగం మార్చడానికి కంపెనీ బండ్లని వెనక్కి పిలవడం) ఉందేమో వెతికాను. ఈ ఒక్క పని దయచేసి వదలకండి. టకాటా అనే జపాన్ కంపెనీ ఎయిర్‌బ్యాగుల వ్యవహారం తెలిసే ఉంటుంది. వాటిలో వాడిన అమ్మోనియం నైట్రేట్ వేడికి, తేమకి ఏళ్ల తరబడి పాడై, బ్యాగు విచ్చుకునేటప్పుడు ఇనుప ముక్కలు మనిషి మీదకి చిమ్మేవి. అనేక కంపెనీల కోట్ల కార్లకి ఆ భాగాలు వెనక్కి పిలిచి మార్చారు. పాత యజమాని ఆ ఉత్తరం పట్టించుకోకపోతే ఆ ఎయిర్‌బ్యాగు ఇంకా మీ ఎదురుగానే ఉంటుంది. మార్పు ఉచితం.

వెనక సీటు వీపు, కూర్చునే భాగం కలిసే సందులో చెయ్యి పెట్టి పిల్లల సీటు బిగించే ఐసోఫిక్స్ ఇనుప కడ్డీలు రెండు వైపులా ఉన్నాయో లేదో కూడా తడిమాను. పిల్లల సీటు కావాల్సిన ఇంటికి ఇది మైలేజీ కన్నా ముందు చూడాల్సింది. సీటు కవర్లు కుట్టించినప్పుడు ఆ సందులు మూసేస్తుంటారు.

బండి ఇంటికి వచ్చాక మొదటి నెల. పాత యజమాని "అన్నీ మొన్ననే మార్పించాం" అన్నా, బిల్లు లేని ప్రతి ద్రవాన్నీ మార్చేశాను. ద్రవాల కన్నా ముందు టైమింగ్ బెల్టు, పిస్టన్ల కదలికకి సరిగ్గా వాల్వులు తెరిచి మూసేలా చూసే బెల్టు. నా ఇంజిన్‌కి 90,000 కిలోమీటర్లు లేదా ఆరేళ్లు, ఏది ముందు వస్తే అది అని మాన్యువల్. కిలోమీటర్లు అవలేదు, ఏళ్లు ఎప్పుడో దాటాయి, మార్చినట్టు బిల్లు లేదు. ఈ రకం ఇంజిన్లో బెల్టు తెగితే వాల్వులు తెరిచి ఉండగానే పిస్టన్లు పైకి వచ్చి వాటిని గుద్దేస్తాయి. హెడ్ విప్పాల్సిన పని పడుతుంది. విప్పిన బెల్టు చూస్తే పగుళ్లేమీ లేవు. "ఇంకా నడిచేదే" అన్నాడు మెకానిక్. ఇప్పటి బెల్టుల రబ్బరు పగలకుండానే బలం కోల్పోతుంది కాబట్టి చూసి చెప్పలేం. కానీ టెన్షనర్ చక్రాన్ని వేలితో తిప్పితే ఆగకుండా గిర్రున తిరిగింది, ఇసుక రాలినట్టు చప్పుడుతో. లోపల గ్రీజు అయిపోయింది. గ్రీజు ఉన్న బేరింగ్ కొంచెం బరువుగా తిరిగి ఆగిపోవాలి. బెల్టు తెగకపోయినా ఆ చక్రం పట్టేస్తే జరిగేది అదే. అందుకే బెల్టు ఒక్కటే కాదు, టెన్షనర్, ఐడ్లర్, ఆ బెల్టుతోనే తిరిగే వాటర్ పంపు కూడా ఒకేసారి మార్చాలి. కూలీ అంతా విప్పడానికే, విప్పాక ఇంకో భాగం పెట్టడం ఎంతసేపు. కొత్తవి బిగించాక స్టార్ట్ చేయకుండా, క్రాంక్ బోల్టుని పానాతో చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పించి, గుర్తులు మళ్లీ ఎదురెదురు వచ్చాయో లేదో చూసుకున్నాను. మధ్యలో గట్టిగా తగిలి ఆగితే ఒక పన్ను అటో ఇటో పడ్డట్టు. స్టార్టర్‌తో తిప్పితే ఆ తగలడం వాల్వు వంచేస్తుంది.

నేను పొరపాటు పడింది కూలెంట్ దగ్గర. పాతది తుప్పు రంగులో వచ్చింది. డిస్టిల్డ్ వాటర్ పోసి, నడిపి, చల్లార్చి, వదిలి, ఇలా మూడుసార్లు చేస్తే తేటగా వచ్చింది. మొత్తం పట్టేది 5 లీటర్లు. రేడియేటర్ కింద మరలు విప్పితే 3 లీటర్లే వచ్చాయి. మిగతా 2 లీటర్ల నీళ్లు ఇంజిన్ బ్లాకులోనే ఉండిపోతాయి. అందులో సగం సగం కలిపి అమ్మే కూలెంట్ 3 లీటర్లు పోస్తే చివరికి తేలేది ముప్పై శాతమే. కాబట్టి కలపని చిక్కటి కూలెంట్ 2.5 లీటర్లు ముందు పోసి, మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో నింపాలి. ఇక్కడిదాకా సరిగ్గానే చేశాను. ఆ తర్వాత మూత బిగించి బండి బయటికి తీశాను. పది నిమిషాలకి టెంపరేచర్ ముల్లు పైకి లేచింది, హీటర్ వేస్తే చల్లటి గాలి వచ్చింది. ఇంజిన్ వేడిగా ఉండి హీటర్ చల్లగా ఉందంటే పైపుల్లో గాలి చిక్కుకుందని. వెంటనే ఆపి, రెండు గంటలు చల్లార్చాను. తర్వాత బండి ముక్కు ఎత్తుగా ఉండేట్టు వాలు మీద నిలిపి, మూత తీసి, హీటర్ పూర్తి వేడి మీద పెట్టి స్టార్ట్ చేశాను. పైన ఉన్న లావు పైపుని గుడ్డతో పట్టి పిసుకుతుంటే బుడగలు బయటికి వచ్చాయి. థర్మోస్టాట్ తెరుచుకున్నాక మట్టం ఒక్కసారి దిగిపోయింది, ఇంకో 600 మిల్లీలీటర్లు పట్టింది. అప్పుడు మూత బిగించాను. కొన్ని ఇంజిన్లకి గాలి వదిలే ప్రత్యేకమైన మర ఉంటుంది, మాన్యువల్లో చూసుకోండి. ఇంకో మాట: కూలెంట్ రంగుని నమ్మొద్దు. ఆకుపచ్చ, ఎరుపు, నీలం కంపెనీ ఇష్టం. డబ్బా మీద రాసిన రకమే లెక్క. పడని రకాలు కలిస్తే జిగురు తేలి రేడియేటర్ గొట్టాలు పూడుకుపోతాయి.

ఇంజిన్ ఆయిల్ 5డబ్ల్యూ-30, ఫిల్టర్‌తో కలిపి 3.5 లీటర్లు. ముందు 3.2 పోసి, నిమిషం నడిపి ఆపి, అయిదు నిమిషాలాగి డిప్‌స్టిక్ చూసి మిగతాది పోశాను. ఎక్కువైతే క్రాంక్ దాన్ని చిలికి నురుగు చేస్తుంది, నురుగుకి బేరింగుల్ని కాపాడే శక్తి లేదు. పాత ఫిల్టర్ రబ్బరు రింగు ఫిల్టర్‌తో పాటే వచ్చిందో లేదో చూడాలి. ఇంజిన్‌కి అంటుకుపోతే, కొత్తది దాని మీద కూర్చుని, కాసేపటికి ఆయిలంతా రోడ్డు పాలు. గేర్ ఆయిల్ మార్చేటప్పుడు ముందు నింపే మర విప్పి, అది వచ్చిందని తేలాకే కింద మర విప్పాలి. కిందది వదిలేశాక పైది తుప్పు పట్టి రాకపోతే బండి అక్కడే నిలిచిపోతుంది. బండి ఆటోమేటిక్ అయితే గేర్‌బాక్సు ఆయిల్ రకం ఇంకా ముఖ్యం. సీవీటీ (విడి గేర్లకి బదులు బెల్టుతో నడిచే ఆటోమేటిక్) బాక్సులో మామూలు ఆటోమేటిక్ ఆయిల్ పోస్తే లోపలి బెల్టు జారి పాడవుతుంది.

బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ ఎక్కాక ఆ హద్దు 155కి పడిపోవచ్చు. ఘాట్ దిగేటప్పుడు మరిగి ఆవిరైతే పెడల్ నేలకి పోతుంది. రెండేళ్లకోసారి మార్చాలి. నా బండిలో ముందు ఎడమ చక్రం లోపలి ప్యాడ్ 4 మిల్లీమీటర్లు, బయటిది 8 ఉన్నాయి. రెండూ ఒకేలా అరగాలి. ప్యాడ్లని నొక్కే క్యాలిపర్ జారే పిన్నుల్లో ఒకటి తుప్పు పట్టి బిగుసుకుంది. పిన్ను తీసి, సన్నటి గరుకు కాగితంతో రుద్ది, బ్రేకులకి వాడే సిలికాన్ గ్రీజు రాశాం. మామూలు గ్రీజు రాస్తే రబ్బరు ఉబ్బి మళ్లీ బిగుస్తుంది. ప్యాడ్లు కొత్తవి వేయించాను, ఒక చక్రానికే కాదు, రెండు వైపులా.

ముందు టైర్లు లోపలి అంచున బాగా అరిగాయి. అందరూ ముందు అలైన్‌మెంట్ చేయిస్తారు. చక్రాన్ని కింది నుంచి పట్టి ఉంచే లోయర్ ఆర్మ్‌కి ఉండే రబ్బరు బుష్‌లు చీలి ఉంటే అలైన్‌మెంట్ వారం నిలవదు, డబ్బు దండగ. ముందు బుష్‌లు మార్చి, తర్వాత అలైన్‌మెంట్. బుష్ బోల్టు చివరి బిగింపు జాకీ మీద చక్రం వేలాడుతుండగా చేయకూడదు. చక్రాల మీద బండి బరువు పడ్డాకే బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బండి దించగానే రబ్బరు మెలిపడి ఉంటుంది, ఆ మెలికతోనే కొన్నాళ్లకి చిరుగుతుంది. దీన్ని మెకానిక్‌కి రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది.

రెండో వారంలో ముందు ఎడమ సీటు కింద కార్పెట్ తడిగా తగిలింది. మూడో బండి గుర్తొచ్చి గుండె జారింది. మునిగిన బండి అయితే తడితో పాటు మట్టి ఉంటుంది. హీటర్ లోపల కూలెంట్ కారితే తడి జిగటగా, తియ్యటి వాసనతో ఉంటుంది. ఇది తేట నీళ్లు, ఏసీ వేసినప్పుడే వస్తోంది. ఏసీ నీళ్లు కిందికి పోయే సన్నటి రబ్బరు గొట్టంలో దుమ్ము గడ్డకట్టింది. కింది నుంచి మెత్తటి ప్లాస్టిక్ తీగ పెట్టి కదిపితే లీటరు దాకా నీళ్లు దిగాయి. కార్పెట్ ఎత్తి రెండు రోజులు ఎండబెట్టాను. పైన పొడిగా అనిపించినా కింది స్పాంజిలో తడి ఉండిపోతుంది, దాని కింద వైర్ల కనెక్టర్లు ఉంటాయి.

బ్యాటరీ రాత్రంతా ఆగాక 12.3 వోల్టులు చూపించింది, నిండుగా ఉంటే 12.6 ఉండాలి. స్టార్ట్ చేసేటప్పుడు 9.8కి పడింది, నడుస్తుంటే 14.2. అంటే ఛార్జింగ్ బాగుంది, బ్యాటరీయే ముసలిదైంది. అన్నీ ఆపేసి తాళం వేశాక కరెంటు వాడకం 30 మిల్లీఆంపియర్లు. 50 లోపు ఉంటే సరే, ఏదీ దొంగతనంగా తాగట్లేదు. కొత్త బ్యాటరీ వేయించాను.

ఇప్పుడు స్టీరింగ్ పక్కన చిన్న నోటు పుస్తకం ఉంది. పెట్రోలు పోయించినప్పుడల్లా కిలోమీటర్లు, లీటర్లు, ప్రతి 1,000 కిలోమీటర్లకి సమతలం మీద, చల్లటి ఇంజిన్లో ఆయిల్ మట్టం రాస్తున్నాను. డిప్‌స్టిక్ మీద కనిష్ఠం గుర్తు నుంచి గరిష్ఠం గుర్తు దాకా నా ఇంజిన్లో దాదాపు ఒక లీటరు. మొదటి 1,000 కిలోమీటర్లకి పై గీత నుంచి వెంట్రుకవాసి దిగింది, రెండో 1,000కి కదల్లేదు. 5,000 దగ్గర ప్లగ్గులు తీసి రంగు చూస్తాను. గోధుమ రంగు పొడిగా ఉంటే మళ్లీ అవే పెట్టేస్తాను, ఏదైనా ఒకటి నల్లగా నూనెతో తడిగా ఉంటే ఆ సిలిండర్‌కి మళ్లీ కంప్రెషన్ కొలిపించాలి.